బతికిందా? పనికొచ్చిందా?

తెగిన చేతిని అతికించినా, కాలి ఎముకతో దవడ కట్టినా రోగి బంధువులు అడిగేది ఒకటే: ఆపరేషన్ సక్సెస్ అయిందా? సర్జన్‌కు మాత్రం అందులో రెండు ప్రశ్నలున్నాయి. అతికించినది బతికిందా, బతికినది పనికొచ్చిందా? వయసు ఈ రెంటి మీదా ఒకేలా పనిచేయదు.

1962లో బోస్టన్‌లో 12 ఏళ్ల కుర్రాడికి భుజం దగ్గర తెగిపోయిన చేతిని రొనాల్డ్ మాల్ట్ బృందం అతికించింది. అక్కడి రక్తనాళాలు లావైనవి. 1965లో జపాన్‌లో కొమాట్సు, తమాయ్ మైక్రోస్కోపు కింద అతికించినది 28 ఏళ్ల మనిషి బొటనవేలు. పసివాడి వేలైతే పని ఇంకా కష్టం. నాళం మిల్లీమీటరు కూడా ఉండదు, ముట్టుకుంటే ముడుచుకుంటుంది. పైగా పెద్దవాళ్లలో వదిలేసే నలిగిన వేళ్లను కూడా పిల్లల్లో వదలబుద్ధికాక అతికిస్తారు. అలాంటప్పుడు ఎంచి చేసిన పెద్దల కేసుల పక్కన పిల్లల్లో వేలు నిలిచే శాతాలు తక్కువగా కనబడితే, ఆ నేరం వయసుదని అనలేం. వేలు నిలిచిందా, ఇక పిల్లవాడిదే పైచేయి. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. చిన్న చేతిలో అది పోవాల్సిన దూరం తక్కువ, కొత్త స్పర్శను మెదడు త్వరగా పోల్చుకుంటుంది. అదే వేలు 60 దాటినవారిలో బతికినా స్పర్శ మందంగానే ఉంటుంది, కీళ్లు బిగుసుకుంటాయి.

దవడ దగ్గర లెక్క తిరగబడుతుంది. శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే అవ్వలకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. దాన్ని తీసేశాక పైదవడను కాలి ఫిబులా ఎముకతో కట్టొచ్చు. ముసలితనంలోనూ ఆ ఎముక దాదాపు కుర్రవాళ్లలో నిలిచినట్టే నిలుస్తుంది. దెబ్బ తగిలేది మిగతా ఒంటికి: గంటల తరబడి మత్తు, తర్వాత న్యుమోనియా, గుండె ఇబ్బంది, రాత్రిళ్లు మతి తప్పడం. ఇవి కూడా పుట్టిన సంవత్సరాన్ని బట్టి కాక షుగరు, గుండె, ఊపిరితిత్తుల స్థితిని బట్టే ఎక్కువగా వస్తాయి. అందుకే 75 నిండాయన్న ఒక్క కారణంతో వెనక్కి పంపే డాక్టరు కన్నా, చుట్ట మానని 55 ఏళ్ల షుగరు రోగిని చూసి తటపటాయించే డాక్టరు మీదే నాకు గురి.

అలాంటి అవ్వకు ఆపరేషన్‌కు ముందుగా కాళ్లకు సీటీ యాంజియో తీయించి చూస్తారు. పాదానికి రక్తం చాలకుండా ధమనులు పూడి ఉంటే కాలిని ముట్టుకోరు, ఎముకను భుజం వెనక రెక్క నుంచి తెస్తారు.