పేరు ఒకరిది, పని మరొకరిది: విమర్శనాత్మక పరిశీలన

రైలు మార్గం లేని గాంధారి వంటి మండలాలకు ఆర్టీసీ బస్సే ఆధారం. అయితే ఆర్టీసీ పేరుతో తిరిగే బస్సులన్నీ సంస్థవి కావు. అద్దె బస్సు విధానంలో బస్సు, డ్రైవరు ప్రైవేటు యజమాని తరఫున వస్తారు. కండక్టరు సంస్థ ఉద్యోగి. సంస్థ యజమానికి కిలోమీటరు లెక్కన చెల్లిస్తుంది.

అమెరికా విమానయానంలోనూ ఇదే పద్ధతి ఉంది. పెద్ద సంస్థ టికెట్టు అమ్ముతుంది. ప్రాంతీయ సంస్థ తక్కువ జీతాల పైలట్లతో విమానం నడుపుతుంది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కూలి 50 మంది మరణానికి కారణమైన విమానంపై ఉన్న పేరు కాంటినెంటల్‌ది. నడిపింది కోల్గన్ సంస్థ.

ప్రాంతీయ సంస్థలు ఎంత పెద్ద విమానాలు నడపవచ్చో అక్కడి పైలట్ల సంఘాలు తమ ఒప్పందాల్లోనే పరిమితి రాయించుకున్నాయి. ఆ కంచె లోపలి పైలట్ల పనిని కాపాడింది. బయటి పైలట్ల జీతాన్ని పట్టించుకోలేదు.

2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో ప్రధాన డిమాండు ప్రభుత్వంలో విలీనం. సమ్మె సాగుతుండగానే నవంబరు 2న మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు అప్పగించాలని నిర్ణయించింది. విలీనంతో ఉద్యోగికి భద్రత రావచ్చు, రూటుకు రాదు.

నష్టాల్లో ఉన్న సంస్థకు కొత్త బస్సులు కొనే పెట్టుబడి లేదన్న వాదనను తోసిపుచ్చలేం. కాని ఆదా అయ్యే సొమ్ములో డ్రైవరు జీతం, విశ్రాంతి ఎంతో అడగాలి. అద్దె బస్సు డ్రైవరుకూ సమాన వేతనం కోరని సంఘం, తన సభ్యుల పదవీ విరమణతోపాటే బలహీనపడుతుంది.