కంచు బొమ్మ రాతిలోకి ఎలా వచ్చింది?

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో వేటదేవత డయానా నిలువెత్తు పాలరాతి విగ్రహం ఉంది. ఎత్తు సుమారు 2 మీటర్లు. అడుగు ముందుకు పడుతుండగానే కుడిచేయి భుజం మీదుగా అంబులపొదిలోని బాణాన్ని అందుకుంటోంది. బట్ట మోకాళ్ల పైకి ఎగదోపి ఉంది, పక్కన జింక. క్రీ.శ. 1 లేదా 2వ శతాబ్దపు రోమన్ పని ఇది. దీని మూలం క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు కంచు విగ్రహమని, చేసింది లియోకారెస్ అని పండితుల అభిప్రాయం. ఆ కంచు ఇప్పుడు లేదు.

నకలు కదా అని దీన్ని తక్కువ చేసేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. డొల్లగా పోత పోసిన కంచు బొమ్మ తేలిక. చేతులు బారచాపినా, ఒక కాలి మీదే బరువు మోపినా తట్టుకుంటుంది. పాలరాయి బరువు మోస్తుంది గానీ వంపుకు ఓర్చదు, పుటుక్కున విరుగుతుంది. అంత రాతి బరువు రెండు సన్నని చీలమండల మీద నిలవాలంటే ఊతం కావాలి. రోమన్ శిల్పులు సాధారణంగా కాలి పక్కన చెట్టు మొద్దునో, జంతువునో చెక్కేవారు. ఇక్కడ జింక దేవతకు తోడు, రాతికి ఆసరా కూడా. అవసరాన్ని కథలో అంత చక్కగా కలిపిన చేయి ఉత్త నకలు చేసేవాడిది కాదు.

పని జరిగిన తీరుకు నేపుల్స్ దగ్గరి బాయీలో 1954లో సాక్ష్యం దొరికింది. గ్రీకు కంచు విగ్రహాల నుంచి తీసిన ప్లాస్టర్ అచ్చుల ముక్కలవి. అలాంటి వాటి మీద కొలతలు తీసుకుని రాతి దిమ్మెకు ఎక్కించేవారు. మొన ఉలితో పెళ్లలు లేపి, పళ్ల ఉలితో ఒంటి వంపులు తెచ్చి, ఆకురాళ్లతో నునుపు చేసి, కురుందం పొడితో మెరుగు పెట్టేవారు. అసలు నేర్పంతా బరమాలో ఉంది. బట్ట మడతల్లో వరసగా బెజ్జాలు వేసి, వాటి మధ్య రాయి తీసేస్తే లోతైన గాడి పడుతుంది. అందులో నిలిచే నీడ వల్లే ఆ బట్ట గాలికి ఎగిరినట్టు కనిపిస్తుంది. రోమ్‌లో పనిచేసిన బెంజోని 19వ శతాబ్దంలో చెక్కిన ‘వీల్డ్ రెబెకా’ను హైదరాబాద్ సాలార్జంగ్ మ్యూజియంలో చూసినవాళ్లకు రాయి బట్టగా మారడం కొత్త కాదు.

పోప్ నాలుగో పాల్ ఈ డయానాను 1556లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీకి కానుకగా ఇచ్చాడు. 1602లో బార్తెలెమీ ప్రియూర్ మరమ్మతు చేశాడు. ఆ తర్వాత వెర్సాయ్‌లో ఉండి, 1798లో లూవ్ర్‌కు చేరింది.

ఇప్పుడు తెల్లగా ఉన్నా, రోమన్లు ఇలాంటి విగ్రహాలకు రంగులు వేసేవారు. 1760లో పాంపేయిలో దొరికి ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న మరో వేటదేవత విగ్రహం ‘ఆర్టెమిస్’ జుట్టు మీదా బట్ట అంచుల మీదా ఆ రంగుల జాడలు బయటపడ్డాయి. తెలుపే ప్రాచీన శిల్పానికి అందమని నమ్మిన తరాలు ఎన్నో విగ్రహాలను తోమి తోమి అలాంటి జాడలను చెరిపేశాయి.