‘మోసగాళ్ళకు మోసగాడు’ – మన వైపు నుంచి

తెలుగులో కౌబాయ్ సినిమా అనగానే ముందు గుర్తొచ్చేది ‘మోసగాళ్ళకు మోసగాడు’. 1971లో వచ్చింది. హీరో కృష్ణది తెనాలి దగ్గరి బుర్రిపాలెం కాబట్టి మా కర్లపాలెం వైపు పెద్దలు దాన్ని మనవాడి సినిమా అంటారు. ఆరుద్ర రాశారు, కె.ఎస్.ఆర్.దాస్ తీశారు. రాజస్థాన్ ఎడారి, గుర్రాలు, తుపాకులు, దాచిన నిధి, పగ, వీటి మధ్య విజయనిర్మలతో ప్రేమ. 2023లో కృష్ణ జయంతికి మళ్లీ థియేటర్లకు వచ్చింది.

మాకూ ఈ సినిమా ఇష్టమే. వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా ఎడారిని ఎంత విశాలంగా చూపిస్తుందో! నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న దొంగే అయినా, తెర మీదికి వస్తే హాలంతా నవ్వుతుంది. ఈ రకం పాత్రలకు మూలం సెర్జియో లియోన్ 1966లో తీసిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’. అందులో ఒకడు దొంగను పట్టిచ్చి బహుమతి తీసుకుంటాడు, ఉరితాడు బిగిసే వేళకు తానే తాడును కాల్చి విడిపిస్తాడు. తల మీద వెల ఉండడం అక్కడ ఒక ఆట.

మనం ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. కౌబాయ్‌కి ఇల్లూ వాకిలీ ఉండవు. ఊరూరా తిరుగుతాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అంటే జవాబు చెప్పడు. ఆ తిరుగుడునే చూసి మనం ఈల వేస్తాం, కథానాయిక మనసిస్తుంది.

మన ఎరుకలవారూ తిరిగినవారే. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకు వెళ్లి ధాన్యానికి మార్చేవారు, బుట్టలు అల్లి అమ్మేవారు. రైళ్లు వచ్చి, ఉప్పు సర్కారు చేతిలోకి పోయి ఆ వ్యాపారం దెబ్బతింది. ఆ మీదట తిరుగుడే నేరమైంది. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. ఇలాంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకోవాలి. చుట్టాల ఊరికి వెళ్లాలన్నా అనుమతి చీటీ కావాలి. గుర్రం ఎక్కి సూర్యాస్తమయం వైపు పోవడం అక్కడ ఎవరికి సాధ్యం?

చట్టం వచ్చిన నూరేళ్లకు ఈ సినిమా వచ్చింది. చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది, పేరు మాత్రం పోలేదు. తర్వాత సినిమా వాళ్లు మన వైపే చూశారు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చాయి. ఊరి పేరు తెర మీదికి ఎక్కింది గానీ దొంగతనాన్ని వెంటబెట్టుకునే ఎక్కింది. అక్కడ చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, బుట్ట అల్లి బిడ్డను కాలేజీకి పంపిన తల్లి కథకు పనికిరాలేదు. నాగన్న ఒక్కడు దొంగయితే అతని కులమేదని ఎవరూ అడగలేదు. మన దగ్గర ఒక్కడు దొంగయితే ఊరంతటికీ ఆ పేరే.

క్లాసులో పెన్ను పోతే కళ్లు ముందుగా ఏ పిల్లవాడి సంచి వైపు తిరుగుతాయో ఉపాధ్యాయులైన మనకు తెలుసు. ఆ చూపులో పాత చట్టమూ ఉంది, మనం చూసిన సినిమాలూ ఉన్నాయి. సంచి వెతికే ముందు మనం ఆ చూపును ఆపాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కౌబాయ్ సినిమాలు చూడొద్దని మేము అనం. హాయిగా చూడండి, ఈల వేయండి. చూశాక మాత్రం కొన్ని ప్రశ్నలు అడగండి. ఇందులో తిరిగే హక్కు ఎవరికి ఉంది? దొంగ అన్న మాట ఎవరి ఒంటి మీద నుంచి చివరికి రాలిపోయింది, ఎవరి మీద మిగిలింది? తర్వాత మీ తాత ఏ దారుల్లో ఉప్పు మోశాడో ఇంట్లో అడిగి రాసి పెట్టండి. ఆ దారుల మీద ఇంకా ఎవరూ సినిమా తీయలేదు.