ఒకే ముద్ర, రెండు పక్షులు

ఇటీవల ఒక పాఠశాలలో అపాయములోనున్న పక్షుల గోడపటము చూచితిని. బట్టమేక పక్షి, కలివికోడి ప్రక్కప్రక్కనే ఉన్నవి. రెండింటి క్రింద ‘అత్యంత ప్రమాదస్థితి’ అని ఒకటే మాట. ఒకటి మీటరు ఎత్తు పక్షి, రెండవది సుమారు 27 సెంటీమీటర్లు; చిత్రకారుడు రెండింటిని సమానము చేసినాడు. రాత్రివేళ తిరుగు కలివికోడిని నడినెత్తి ఎండలో నిలిపినాడు!

ఆ మాట తప్పు కాదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘపు పట్టికలో రెండింటి స్థానము అదియే. కాని అది అపాయము ఎంతటిదో చెప్పునే గాని, ఎందువలన వచ్చినదో చెప్పదు. పాఠము అక్కడనే ఆగినచో విద్యార్థికి దక్కునది ఒక ముద్ర మాత్రమే.

బట్టమేక పక్షి విశాలమైన గడ్డిబీళ్ళది. మగపక్షి 15 కిలోల వరకు తూగును. సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. కన్నులు తలకు ప్రక్కల నుండుటచే ఎదుటి చూపు ఇరుకు. విద్యుత్తు తీగ కనబడునప్పటికి ఆ బరువుతో మరలలేదు. నేడు మిగిలినవి ఎక్కువగా రాజస్థానపు థారు ఎడారిలోనివే. అచ్చట ఈ తీగలే ముఖ్య మృత్యుకారణము. ఈ పక్షి కొరకే 1988లో ఏర్పడిన మన రోళ్ళపాడు అభయారణ్యములో అది కనబడుటయే అరుదైనది.

కలివికోడికి తీగలతో పనిలేదు. 1900 తరువాత కనబడక, అంతరించినదనుకొన్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో మరల దొరికినది. పగలు వెదకినవారికి దొరకనిది, రాత్రి దీపపు వెలుతురులో ఒక స్థానిక వేటగానికి చిక్కినది. దానికి కావలసినది బయలు కాదు, దట్టమైన అడవి కాదు. నడుమ నడుమ ఖాళీలున్న ముళ్ళపొదలు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు ఉన్నచోట ఇది ఎక్కువగా ఉన్నట్లు అడుగుజాడల పరిశీలనలో తేలినది. పొదలు నరికిన పోవును; చిక్కగా అల్లుకొన్నను పోవును. కనుక మేకలను పూర్తిగా తరిమివేసిన మేలగునని తొందరపడి చెప్పరాదు.

ఒకదానికి తీగల దారి మార్చవలెను. రెండవదానికి పొదల కొలత తెలిసి కాపాడవలెను. ఈ భేదము చూపుటకు ఆ పటములో చోటు లేకపోలేదు. క్రిందిభాగమంతయు పూలతీగలతో నింపినారు.