జీడి తొక్కనూనె ముందు పరారుణ వర్ణపటం: బంధక నిర్ధారణపై ఒక విమర్శ

తైలవర్ణాల బంధకాన్ని గుర్తించడంలో పరారుణ వర్ణపటమితి అనుసరించే తర్కం ప్రధానంగా అవిసెనూనె మీద రూపొందింది. తాజా అవిసెనూనెలో 1745 సెం.మీ.⁻¹ దగ్గర ఎస్టర్ కార్బొనిల్ పట్టీ, 3010 దగ్గర ద్విబంధాన్ని సూచించే చిన్న పట్టీ కనిపిస్తాయి. నూనె ఆక్సిజన్‌ను గ్రహించి గట్టిపడేకొద్దీ రెండవది మాయమవుతుంది, మొదటిది 1710 వైపు వెడల్పవుతుంది, 3400 ప్రాంతంలో హైడ్రాక్సిల్ పట్టీ పెరుగుతుంది. ఈ మార్పులు కనబడగానే ‘వయసు మీరిన ఆరే నూనె’ అని తీర్మానించడం పరిపాటి. ఐరోపా కాన్వాసుల విషయంలో ఆ తీర్మానం చాలావరకు నిలుస్తుంది. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పప్పు తీయగా మిగిలే తొక్కల నూనె దగ్గర అది తడబడుతుంది.

పడవ చెక్కకు ఈ నూనె పూయడం భారత తీరాల్లో పాత అలవాటు. ఆరిన పూత చూపుకు నూనె వార్నిషే, రసాయనికంగా మాత్రం ఫీనాల్. దాని 15 కార్బన్ల పక్కగొలుసులోని ద్విబంధాలే దాన్ని ఆరనిస్తాయి. అందుచేత 3010 పట్టీ ఇక్కడా ఉంటుంది, ఇక్కడా పోతుంది. ఆక్సీకరణతో 1710 పరిసరాల్లో కార్బొనిల్ ఇక్కడా పుడుతుంది. అవిసెనూనె ముసలితనానికి ఆనవాళ్లుగా చెప్పేవన్నీ అవిసెనూనె లేకుండానే సమకూరుతాయన్నమాట.

వేరుచేయగలిగేది 1590 దగ్గరి సుగంధ వలయపు పట్టీ. కానీ కొవ్వు ఆమ్లాలు సున్నంతోనో జింకుతోనో కలిసి ఏర్పరిచే లోహసబ్బుల పట్టీలు దానికి సమీపంలోనే, 1520–1580 మధ్య పడతాయి. పోలిక శాతాన్ని మాత్రమే చూసే పరిశోధకుడు ఒకదాన్ని మరొకటిగా చదివే అవకాశం ఎక్కువ. పచ్చి తొక్క నూనెలో ప్రధానమైన అనకార్డిక్ ఆమ్లం 1645 దగ్గర పట్టీ ఇస్తుంది. వేడి తగిలితే అది కార్బన్ డయాక్సైడ్‌ను కోల్పోయి కార్డనాల్‌గా మారుతుంది, ఆ పట్టీ క్షీణిస్తుంది. అంటే పిక్కను కాల్చారా లేదా అన్న పనిపద్ధతి సైతం వర్ణపటంలో నమోదై ఉంటుంది. అయితే భావనపాడు, బారువ వంటి తీరాల తేమగాలిలో ఉన్న పూత పీల్చుకున్న నీరు 1640 దగ్గరే శోషిస్తుంది. నమూనాను ఆరబెట్టకుండా ఆ పట్టీని చదవడం వృథా.

పొరపాటు ఫలితం కాగితానికి పరిమితం కాదు. క్షారద్రావణం ఎస్టర్ బంధాన్ని తెంచుతుంది. అవిసెనూనె పొరను తొక్కనూనెగా భావించి క్షారంతో శుభ్రం చేస్తే రంగే కరిగిపోవచ్చు. పైగా ఉపరితల స్పర్శ పద్ధతిలో కిరణం ఒకటి రెండు మైక్రాన్లకు మించి లోపలికి వెళ్లదు. పూత మీద పూత పడిన పలకలో అది చివరి పూతకే సాక్ష్యం.

పైరాలసిస్ గ్యాస్ క్రొమాటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీ ఈ చిక్కును తీర్చగలదు. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం కూడా ఈ కుటుంబానిదే. అందులోది కాటెకోల్, జీడిలోది ప్రధానంగా ఏకహైడ్రాక్సిల్ ఫీనాల్. ఆ తేడాను ఈ పద్ధతి పట్టిస్తుంది. పరారుణాన్ని తొలి వడపోతగా ఉంచి, తుది నిర్ధారణను దీనికి వదలడమే సమంజసం.

అయినా పోల్చడానికి ప్రమాణం కావాలి. ప్రయోగశాల దీపం కింద ముదిరించిన పూత ఉప్పుగాలిలో ముదిరిన పూతకు ప్రత్యామ్నాయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటలను కూల్చింది. కొయ్య పడవల స్థానాన్ని ఫైబర్ పడవలు ఆక్రమించాయి. ఎప్పుడు పూశారో తెలిసిన పాత పలక ఒక్కటైనా, వంటచెరకు కాకముందే, వర్ణపటంతో సహా భద్రపరచాలి.