రెండు రిజిస్టర్లలో ఒక దశాంశం

మోడికాన్ సంస్థ 1979లో తన పీఎల్‌సీల (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్ల) కోసం మోడ్‌బస్ అనే సమాచార ప్రోటోకాల్‌ను తయారుచేసినప్పుడు అందులో దశాంశాలకు చోటు పెట్టలేదు. సంఖ్యలకు ఉన్నవల్లా 16 బిట్ల రిజిస్టర్లు. ఒక్కోదానిలో 0 నుంచి 65535 దాకా పడుతుంది. దశాంశాలను బిట్లలో రాసే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతికి ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో గానీ రాలేదు. ప్రోటోకాల్ చెప్పకుండా వదిలేసిన పనిని ప్లాంట్లలో పనిచేసేవాళ్లే ఒక విద్యగా మలచుకున్నారు.

మొదటి ఉపాయం స్కేలింగ్. 230.5 వోల్టులను 2305గా పంపి, చదివేచోట పదితో భాగిస్తారు. పాతదైనా ఎంతో నిజాయితీ ఉన్న పద్ధతి ఇది. ఒక దశాంశ స్థానం చాలినచోట ఇంతకుమించి అక్కర్లేదు.

చాలనిచోట 32 బిట్ల ఫ్లోట్‌ను రెండు పక్కపక్క రిజిస్టర్లలో పెడతారు. ఒక రిజిస్టర్‌లో పెద్ద బైటు ముందు రావాలని మోడ్‌బస్ చెబుతుంది. రెండింటిలో ఏ రిజిస్టర్ ముందో చెప్పదు. ఇంటిపేరు ముందా, పేరు ముందా అన్నట్టు, ఎవరి అలవాటు వారిది. 230.5ను హెక్సాలో రాస్తే 4366, 8000. తారుమారుగా చదివితే అది సున్నాకు అతి దగ్గరి రుణసంఖ్య అవుతుంది, స్క్రీన్ మీద -0.00 కనిపిస్తుంది. ఆ మైనస్ గుర్తు చూడగానే అనుభవజ్ఞులు మీటరు జోలికి పోరు, వర్డ్ ఆర్డర్ (రిజిస్టర్ల క్రమం) మారుస్తారు. క్రమాన్ని పరీక్షించడానికి సున్నా పనికిరాదు, ఎటు తిప్పినా అది సున్నానే. 123.456 లాంటిది కావాలి: 42 ఎఫ్6 ఈ9 79. నాలుగు బైట్లూ వేరువేరు కాబట్టి ఏ క్రమం తప్పినా బయటపడుతుంది. రెండు రిజిస్టర్లనూ ఒకే అభ్యర్థనలో చదవాలి. విడివిడిగా చదివితే పాత సగం, కొత్త సగం అతుక్కునే ప్రమాదం ఉంది.

విద్యుత్ యూనిట్ల మొత్తాన్ని మాత్రం ఇలాంటి ఫ్లోట్‌లో దాచకూడదని గట్టిగా చెబుతాను. ఫ్లోట్ కచ్చితత్వం 24 బిట్లు. 1,67,77,216 దగ్గర ఒకటి కలిపినా అంకె కదలదు. అంతకు చాలా ముందే, 10,48,576 దాటాక, పదో వంతు యూనిట్లు సరిగా నిలవవు. 0.125 చొప్పునే అడుగులు పడతాయి. లెక్క పెరుగుతూ పోయేచోట 32 బిట్ల పూర్ణాంకమే నమ్మదగింది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ‘సంఖ్య కాదు’ అనే విలువ, అంటే నాన్. సెన్సర్ వైరు తెగినప్పుడు కొన్ని పరికరాలు దీన్ని పంపుతాయి. దీన్ని హద్దుతో పోల్చి ‘ఎక్కువా?’ అంటే కాదు, ‘తక్కువా?’ అన్నా కాదనే జవాబు. బాయిలర్ ఉష్ణోగ్రత తెలియకుండా పోయినా అలారం మోగదు. అందుకే హద్దుతో పోల్చేముందు వచ్చింది అసలు సంఖ్యేనా అని కోడ్‌లో ఒక వరుస అడగాలి, కాకపోతే సెన్సర్ లోపానికి వేరే అలారం మోగించాలి.