ఏ యూజర్ పేరు మీద నడుస్తోంది?

కాలుష్యం ఎక్కువగా వదిలే 17 రకాల పరిశ్రమల్లో ఆన్‌లైన్ కొలతల పరికరాలు పెట్టించాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో రాష్ట్ర మండళ్లను ఆదేశించింది. మందుల పరిశ్రమ ఆ జాబితాలో ఉంది కాబట్టి హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఈ మాట అందరికీ తెలిసిందే. బయటికి పోయే నీటి పీహెచ్, సీఓడీ అంకెలను మీటర్ నుంచి తీసుకుని మండలి సర్వర్‌కు పంపడానికి, మూలన ఉన్న ఓ కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రామ్ రాత్రింబవళ్లు నడుస్తుంటుంది.

అలాంటి లైనక్స్ ప్రోగ్రామ్ కనిపిస్తే నేను మొదట చూసేది అది ఏ యూజర్ పేరు మీద నడుస్తోందన్నదే. చాలాసార్లు, అన్ని అధికారాలూ ఉన్న రూట్ పేరే కనిపిస్తుంది. ఎందుకో అర్థం చేసుకోగలను. మీటర్ తగిలించిన సీరియల్ పోర్ట్‌ను మామూలు యూజర్ తెరవలేడు. ప్లాంట్‌ను గమనించే స్కాడా వ్యవస్థ ఈ కంప్యూటర్ నుంచి అంకెలు చదవాలంటే మాడ్‌బస్ పోర్ట్ 502 కావాలి. 1024 కన్నా కింది పోర్ట్‌లు మామూలుగా రూట్‌కే దక్కుతాయి. రూట్ ఇస్తే అన్నీ ఒక్కసారే పనిచేస్తాయి, పెట్టినవాళ్లు సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు. కానీ ఆ ప్రోగ్రామ్‌లో ఒక్క లోపం బయటపడితే, చొరబడ్డవాడి చేతికి మొత్తం కంప్యూటర్ వస్తుంది, పాత రీడింగులతో సహా. ఫ్యాక్టరీల కాలుష్యం చేరిన నక్కవాగు పక్కన పొలాలు పాడైన ఊళ్లకు ఆ రీడింగులు ఉత్త అంకెలు కావు.

పాస్‌వర్డ్, లాగిన్ లేని కొత్త యూజర్‌ను తయారుచేసి, సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్‌లో ఆ పేరు రాస్తాను. సర్వీస్‌ను మళ్లీ మొదలుపెట్టగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఈ పనిలో నాకు ఇష్టమైన ఘట్టం ఇదే. అనుమతి లేదని వచ్చే ఒక్కో ఎర్రర్, ఆ ప్రోగ్రామ్‌కు నిజంగా ఏం కావాలో చెబుతుంది. సీరియల్ పోర్ట్ కోసం డెబియన్‌లో డయలౌట్ గ్రూపులో చేరిస్తే చాలు. 502 కోసం, చిన్న నంబర్ల పోర్ట్‌లు తెరిచే ఒక్క కేపబిలిటీ ఇస్తే సరిపోతుంది. లాగ్ ఫోల్డర్ ఆ కొత్త యూజర్ పేరు మీద పెడతాను. ప్రోగ్రామ్ ఫైల్, కాన్ఫిగ్ మాత్రం రూట్ పేరు మీదే ఉండాలి, ప్రోగ్రామ్ వాటిని చదువుకోవాలంతే. తన ఫైళ్లను తానే మార్చుకోగలిగితే పడ్డ శ్రమలో సగం వృథా. అన్ని సర్వీసులనూ 'నోబడీ' అనే ఒకే యూజర్ కిందికి తోసేయడమూ సరికాదు. ఒకదాని జోలికి ఇంకొకటి పోగలదు.

అవసరమైనంత అధికారమే ఇవ్వాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే రూట్ కింద మొదలవడానికే ఒప్పుకోదు. మన ప్లాంట్లలో ఆ పట్టింపు కొనేవాళ్లు చూపించాలి. బిల్లు మీద సంతకం పెట్టే ముందు 'ps aux' కమాండ్ కొట్టించి, ఆ ప్రోగ్రామ్ వరుసలో మొదటి గడిలో ఏ పేరుందో చూడండి.